వలిసెలు పూయకముందే గ్రామసభ పెట్టండి: పర్యాటక, జిల్లా అధికారులకు అరకులోయ నుంచి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖ అధికారులకు, అల్లూరి సీతారామరాజు జిల్లా యంత్రాంగానికి, పాడేరు సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ అధికారులకు నమస్కారాలు.

నేను అరకులోయ వాసిని. మా కుటుంబానికి సిల్వర్ ఓక్ చెట్ల నీడన కొద్దిపాటి కాఫీ తోట, పల్లంలో కొంత వరి భూమి ఉన్నాయి. చలికాలంలో ఇంట్లో ఒక గదిని పర్యాటకులకు అద్దెకిస్తాం. అంటే ఇక్కడికి వచ్చేవారి వల్ల నాలుగు రూపాయలు సంపాదించుకునే ఇళ్లలో మాదీ ఒకటి. పర్యాటకులు రావద్దని చెప్పడానికి ఈ లేఖ రాయడం లేదు. రాబోయే సీజన్‌కు మీరు వేసే ప్రణాళికలో ఎన్ని గుడారాలు, ఎన్ని గదులు, ఎన్ని వ్యూపాయింట్లు అనే లెక్కలతో పాటు ఏడాది పొడవునా ఇక్కడే బతికేవారి నీరు, దారి, ఆసుపత్రి, పంటల లెక్కలు కూడా ఉండాలనీ, ఆ లెక్కలు మా గ్రామసభల్లో తేలాలనీ కోరడానికి రాస్తున్నాను.

దసరా దాటి పసుపు పూల వలిసెల పంట పూత పట్టిన నాటి నుంచి సంక్రాంతి సెలవులు ముగిసేదాకా మా ఊరు మా చేతుల్లో ఉండదు. విశాఖపట్నం నుంచి సుమారు 115 కిలోమీటర్ల ఘాట్ ప్రయాణం చేసి వచ్చేవారు కొందరైతే, హైదరాబాదు నుంచి, గోదావరి జిల్లాల నుంచి, ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌ల నుంచి వచ్చేవారు మరికొందరు. పాడేరు దగ్గర వంజంగి కొండ మీద మేఘాల్ని చూడటానికి జనం చీకటితోనే ఎక్కడం మొదలుపెడతారు. చింతపల్లి మండలం లంబసింగిలో ఉష్ణోగ్రత సున్నాకు దగ్గరగా పడిపోయిందని వార్త రాగానే ఆ వారాంతం రోడ్లు నిండిపోతాయి. సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న మా లోయలో ఆ వారాల్లో ఒక్కో ఆదివారం వచ్చే జనానికి సరిపడే రోడ్డుగానీ, నీరుగానీ, మరుగుదొడ్లుగానీ లేవు. ఇది తెలియని అధికారి ఉండరు. కానీ ప్రతి ఏడూ మేము వినేది ఇంకా ఎక్కువమందిని ఎలా రప్పించాలన్న మాటే.

బయటివారు చాలామంది గమనించని సంగతి ఒకటుంది. పర్యాటకుల సీజన్, మా కోతల సీజన్ ఒకటే. అరబికా కాఫీ పండ్లు నవంబరు నుంచి ఎర్రబడతాయి. అవన్నీ ఒకేసారి పండవు కాబట్టి అదే చెట్టు దగ్గరికి పలుమార్లు వెళ్లి పండినవాటిని ఏరి కోయాలి, కోసిన రోజే తొక్క తీయాలి, తరవాత కళ్లాల్లో ఆరబెట్టాలి. ఆలస్యమైతే పండు పులిసి రుచి చెడుతుంది, ధర పడిపోతుంది. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు దక్కిందంటే ఇన్ని జాగ్రత్తలు పడిన కుటుంబాల శ్రమ దాని వెనక ఉంది. సరిగ్గా ఆ రోజుల్లోనే బస్తాలు మోసే బండ్లు కార్ల వరుసల్లో గంటల తరబడి చిక్కుకుంటాయి. మా పిల్లలు తోటలకు బదులు గుడారాల దగ్గర పనికి పోతారు. పని ఎంచుకోవడం వారి హక్కే, కాదనను. కానీ రెండు నెలల గుడారం కూలి కోసం ఏడాది పంట దెబ్బతినే ఏర్పాటును అభివృద్ధి అని పిలవడం నా మనసుకు పట్టదు.

తోటల్లోకి యథేచ్ఛగా రావడం గురించి కూడా చెప్పాలి. సుంకరిమెట్ట దగ్గర కాఫీ తోటలో కట్టిన చెక్క వంతెన జనానికి బాగా నచ్చింది. అది మంచి ఏర్పాటే, ఎందుకంటే నడిచేవారు నేల తొక్కకుండా, కొమ్మలు విరవకుండా తోటను చూడగలుగుతారు. అటువంటి దారి లేని తోటల్లోనే ఇబ్బంది. 2025లో చినలబుడు ప్రాంతపు తోటల్లో కాఫీ కాయతొలుచు పురుగు బయటపడినప్పుడు, అది సోకిన తోటల కాయలను కోయించి నాశనం చేయించవలసి వచ్చింది. ఆ పురుగు పర్యాటకుల వల్ల వచ్చిందని నేననడం లేదు. తెగులు ఒకచోటి నుంచి మరోచోటికి పాకకుండా ఆపాలంటే కాయలు, గోనె సంచులు, మనుషుల రాకపోకల మీద అదుపు ఉండాలని మాత్రం ఆ అనుభవం మాకు నేర్పింది. ఎవరైనా ఏ తోటలోకైనా దిగి, కాయలు తెంపి, జేబులో వేసుకుని పక్క ఊరి తోటలోకి నడిచే పరిస్థితి ఉండకూడదు. పర్యాటకులు తిరగదగిన తోటలేవో రైతుల సమ్మతితో గుర్తించి, వాటికి దారులు వేసి, మిగిలినవాటిలోకి ప్రవేశం లేదని స్పష్టంగా బోర్డులు పెట్టించండి.

వలిసెల చేలదీ ఇదే కథ. పసుపు పూల మధ్య ఫొటోలు తీసుకోవడానికి వచ్చేవారికి అది నూనెగింజల పంట అన్న సంగతి తట్టదు. తొక్కిన మొక్క గింజ కట్టదు. ఆ పూల మీద తేనెటీగలు వాలవలసిన వేళలో చేను నిండా మనుషులు తిరుగుతారు. అందుకే కొందరు రైతులు వెదురుతో దడి కట్టి, లోపలికి వచ్చేవారి దగ్గర కొద్దిగా డబ్బు తీసుకుంటున్నారు. దాన్ని దోపిడీ అని తిట్టిపోయేవారిని నేను చూశాను. తన చేనులో తనకు జరిగే నష్టానికి రైతు అడిగే ఆ చిన్న మొత్తం న్యాయమైనదే. దాన్ని రహస్యంగా చేతులు మారే వ్యవహారంగా వదిలేయకుండా, పంచాయతీ తీర్మానంతో ధర నిర్ణయించి, బోర్డు మీద రాయించి, నడిచే గట్లను వేరుచేస్తే రైతుకూ, వచ్చినవారికీ మర్యాదగా ఉంటుంది. వలిసెలు వేసే విస్తీర్ణం తగ్గిపోతోందని పెద్దలు బాధపడుతున్నారు. పర్యాటకానికి ఆ పూలు కావాలంటే, ఆ పంట వేసిన చేతులకు గిట్టుబాటు కావాలి.

నీటి విషయం మరింత కఠినమైనది. మా ఊళ్లలో చాలావాటికి కొండ ఊటల నుంచి పైపుల ద్వారా నీరు దించే గ్రావిటీ పథకాలే ఆధారం. వానాకాలంలో నిండుగా పారే ఊటలు సంక్రాంతి దాటాక సన్నగిల్లుతూ వైశాఖానికి చుక్కలుగా మారతాయి. లోయలో కొత్తగా లేచే ప్రతి బసకూ బోరు ఉంటుంది. ఆ బోర్లు ఎంత లోతు నుంచి ఎంత తోడుతున్నాయో, పక్కనున్న ఊట మీద వాటి ప్రభావం ఏమిటో కొలిచి చెప్పేవారు మాకు కనబడరు. వాడిన నీరు ఎటు పోతుందన్నది మరో ప్రశ్న. మలినాల తొట్టి (సెప్టిక్ ట్యాంకు) లేని బసల మురుగు చివరికి చేరేది గెడ్డలోకే, అంటే మా కొండవాగులోకే. చాపరాయి దగ్గర బండల మీద జారే నీటిలో ఆడుకుని వెళ్లినవారికి అది ఒక పూట వినోదం. ఆ గెడ్డకు దిగువన ఉన్న ఊళ్లవారు అందులోనే స్నానం చేస్తారు, పశువులకు పెడతారు, పొలానికి కట్టుకుంటారు. కొత్త బసకు అనుమతి ఇచ్చే ముందు ఆ ఊరి ఊటలు వేసవిలో ఎంత ఇస్తాయో కొలవడం, మురుగు శుద్ధి ఏర్పాటును కళ్లారా చూసి నిర్ధారించడం తప్పనిసరి చేయండి. ఈ రెండూ లేని చోట ఎంత పెద్దవారు అడిగినా అనుమతి ఇవ్వకండి.

చెత్త గురించి చాలామంది రాశారు కనుక క్లుప్తంగా చెబుతాను. వంజంగి వంటి కొండల మీద ప్రవేశ రుసుము తీసుకుని చెత్త ఏరించే ప్రయత్నాలు జరిగాయి. కానీ ఏరిన ప్లాస్టిక్‌ను, మద్యం సీసాలను కొండ మీద పూడ్చలేం, కాల్చకూడదు. దాన్ని మైదానానికి దించే బండి క్రమం తప్పకుండా రావాలి. తమిళనాడు నీలగిరి జిల్లాలో 2022 నుంచి మద్యం సీసా మీద పది రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీ సీసా తెచ్చి ఇచ్చినవారికి ఆ సొమ్ము వాపసు ఇస్తున్నారు. సీసా పెంకు గుచ్చుకుని కాలు చీరుకున్న పశువుల కాపరి పిల్లలు ఉన్న ఊళ్లలో ఆ పద్ధతి ఎంత అవసరమో వేరే చెప్పనక్కర్లేదు. అదే తమిళనాడులో 2024 మే 7 నుంచి ఊటీకి, కొడైకెనాల్‌కు వెళ్లే వాహనాలకు హైకోర్టు ఆదేశంతో ఈ-పాస్ విధానం అమలు చేశారు. మరుసటి ఏడాది వేసవిలో రోజుకు ఇన్ని వాహనాలనే పరిమితి కూడా పెట్టారు. ఇక్కడా డిసెంబరు, జనవరి వారాంతాలకు అటువంటి పరిమితి గురించి ఆలోచించండి. స్థానికుల వాహనాలకు, సంతకు వెళ్లే జీపులకు, ఆర్టీసీ బస్సులకు ఆ పరిమితి వర్తించకుండా చూడండి. కోర్టు చెప్పేదాకా ఆగవలసిన అవసరం మనకు లేదు.

దారి సంగతికి వస్తే, 2021 ఫిబ్రవరిలో అనంతగిరి ఘాట్‌లో డముకు సమీపంలో హైదరాబాదు పర్యాటకులు ప్రయాణిస్తున్న బస్సు లోయలో పడి నలుగురు ప్రాణాలు కోల్పోయారు. ఆ రాత్రి చీకట్లో ముందుగా లోయలోకి దిగినవారిలో స్థానికులున్నారు. ఘాట్ మలుపులు తెలియని డ్రైవర్లు, పొగమంచు, నిద్రలేమి కలిస్తే ఏమవుతుందో మేము ఏటా చూస్తూనే ఉన్నాం. రద్దీ రోజుల్లో పెద్ద బస్సులను మైదానంలోనే ఆపి, ఘాట్ తెలిసిన డ్రైవర్లతో చిన్న బస్సుల్లో పైకి తీసుకురావడం అసాధ్యమైన పని కాదు. రైలు మార్గం ఉండనే ఉంది. బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం వేసిన కొత్తవలస–కిరండూల్ మార్గంలో పొద్దున విశాఖలో బయలుదేరే రైలు, అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ పెట్టెలతో సహా, సొరంగాల మీదుగా మా లోయకు వస్తుంది. దానికి సీజన్‌లో టికెట్లు దొరకవు. ఆ నెలల్లో వారాంతాలకు అదనపు రైలు కావాలని రాష్ట్ర ప్రభుత్వం రైల్వేను గట్టిగా అడగాలి. ఒక్క రైలు పెరిగితే ఘాట్ మీద ఎన్ని కార్లు తగ్గుతాయో మీరే ఊహించగలరు.

రద్దీలో ఆగిపోయేది కార్లు మాత్రమే కాదు, 108 వాహనం కూడా. ఏజెన్సీలో ఈనాటికీ గర్భిణులను డోలీలో మోసుకుంటూ కిలోమీటర్ల కొద్దీ కొండ దిగి రోడ్డుకు చేర్చే ఊళ్లున్నాయి. 2025 ఏప్రిల్‌లో అడవితల్లి బాట పేరుతో ఆ ఊళ్లకు రోడ్లు వేసే పనులు మొదలుపెట్టినప్పుడు మాకు కలిగిన ఆశ మాటల్లో చెప్పలేనిది. ఆ పనులు పూర్తి కావాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాం. కానీ డోలీ దిగిన తల్లి రోడ్డెక్కాక పర్యాటకుల కార్ల మధ్య ఇరుక్కుంటే ఆ రోడ్డు వేసిన ఫలితం ఆమెకు దక్కదు. వ్యూపాయింట్ల దగ్గర రోడ్డు అంచున బండ్లు ఆపడాన్ని పూర్తిగా నిషేధించి, సీజన్ వారాంతాల్లో ఆసుపత్రి దారిని ఖాళీగా ఉంచే బాధ్యతను పేరు చెప్పి ఒక అధికారికి అప్పగించండి. జలపాతాల దగ్గరా ఇటువంటి బాధ్యత ఎవరో ఒకరి మీద ఉండాలి. 2024 సెప్టెంబరులో మారేడుమిల్లి సమీపంలోని జలతరంగిణి జలపాతం దగ్గర హఠాత్తుగా పెరిగిన నీటిలో ముగ్గురు వైద్య విద్యార్థులు కొట్టుకుపోయారు. పైన కొండ మీద వాన పడితే కింద గెడ్డ ఎప్పుడు పొంగుతుందో ఆ చుట్టుపక్కల ఊళ్ల యువకులకు తెలుసు. వారికి శిక్షణ, జీతం ఇచ్చి కాపలా పెట్టండి. బోర్డు కన్నా మనిషి నయం.

ఇక భూమి. ఇక్కడ నేను కొంచెం ఎక్కువ చెప్పవలసి ఉంది. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనకు 1970లో తెచ్చిన సవరణను మేమంతా 1/70 చట్టమనే పిలుస్తాం. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా మాకున్న గోడ అది. అమ్మకమే కాదు, లీజు కూడా ఆ చట్టం దృష్టిలో బదలాయింపే. అయినా గిరిజనుల పేరు మీద అనుమతులు తీసుకుని, వెనక నుంచి బయటివారు నడిపే బసలు, గుడారాలు ఈ లోయలో ఉన్నాయన్నది అందరికీ తెలిసిన సంగతి. పేరు మాది, పెత్తనం వేరొకరిది, రాబడి ఘాట్ దిగి వెళ్లిపోతుంది. 2025 ఆరంభంలో పర్యాటక పెట్టుబడుల కోసం ఆ చట్టాన్ని సడలించాలన్న మాట రాగానే ఫిబ్రవరిలో మన్యమంతా బంద్ పాటించింది. చట్టాన్ని మార్చబోమని ముఖ్యమంత్రి ప్రకటించిన తరవాతే మాకు ఊపిరి అందింది. ఆ హామీ నిలవాలంటే చట్టాన్ని మార్చకపోవడం ఒక్కటే చాలదు, ఉన్నదాన్ని అమలు చేయాలి. ప్రతి బస అసలు యజమాని ఎవరు, లాభం ఎవరి ఖాతాలో పడుతోంది అన్నది విచారించి, ఆ జాబితాను పంచాయతీ కార్యాలయంలో అంటించండి.

సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1997లో ఇచ్చిన సమత తీర్పు ఎక్కడో దూరపు ఊరి గురించి వచ్చింది కాదు, అనంతగిరి మండలంలో బొర్రా చుట్టుపక్కల ఊళ్ల గనుల లీజుల మీద వచ్చినది. షెడ్యూల్డ్ ప్రాంతపు భూమిని ప్రభుత్వం సైతం గిరిజనేతరులకు లీజుకివ్వకూడదని ఆ తీర్పు చెప్పింది. గనుల నికర లాభంలో కనీసం 20 శాతాన్ని అక్కడి నీటి వసతికి, బడులకు, ఆసుపత్రులకు, పారిశుద్ధ్యానికి, రోడ్లకు కేటాయించాలని కూడా చెప్పింది. రాష్ట్ర పర్యాటక విధానం 2024–29లో పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇచ్చారు. పరిశ్రమకు దక్కే రాయితీలు దానికి దక్కుతున్నప్పుడు, ఈ కొండల్లో పరిశ్రమ మోయవలసిన బాధ్యతను కూడా అది మోయాలి కదా. బొర్రా గుహల నుంచి, మ్యూజియం నుంచి, పద్మాపురం తోట నుంచి, ప్రతి వ్యూపాయింట్ నుంచి వచ్చే రాబడి ఎంతో ఏటా ప్రకటించి, అందులో ఇరవయ్యో వంతు కాదు, ఆ తీర్పు చెప్పిన ఇరవై శాతాన్ని ఆయా గ్రామసభల తీర్మానం ప్రకారం ఖర్చు చేయండి. ఇదే నేను ఈ లేఖలో అడుగుతున్నవాటిలో అన్నిటికన్నా ముఖ్యమైన కోరిక. నీటికీ, చెత్త బండికీ, కాపలా యువకులకూ డబ్బు ఎక్కడిదని మీరు అడిగితే నా జవాబు కూడా ఇదే.

హోమ్‌స్టేలను ప్రోత్సహించాలన్న ఆలోచన మంచిది. అయితే ఒక్క గది ఉన్న కుటుంబానికీ, యాభై గదుల రిసార్టుకూ ఒకే రకమైన దరఖాస్తులు, ధ్రువపత్రాలు అడిగితే ఆ కుటుంబం దళారి దగ్గరికి పోక తప్పదు. పొదుపు సంఘాల మహిళలకు ఇప్పటికే లెక్కలు రాసే అలవాటు ఉంది. వారి ద్వారా ఊరిలోనే నమోదు జరిగేలా చూడండి. మా పెద్దలు పండుగకు, పెళ్లికి కలిసి ఆడే థింసా నృత్యాన్ని అర్ధరాత్రి డీజే మోతల మధ్య బహుమతి డబ్బుల కోసం ఆడించే చోట్ల కూడా ఒక నియమం ఉండాలి. ఆడేవారికి ముందే ఒప్పుకున్న కూలి, నిద్రపోయే ఊరికి నిశ్శబ్ద వేళ, సంతలో మహిళల ఫొటో తీసే ముందు వారి అనుమతి అడగడం... ఇవి పెద్ద కోరికలు కావు. సిగ్గుతో ముఖం తిప్పుకున్న అవ్వ ముందు మళ్లీ మళ్లీ ఫోను పెట్టేవారిని చూస్తే నాకు కోపం వస్తుంది, దాన్ని దాచుకోను.

ఇవన్నీ ఎక్కడ నిర్ణయించాలన్న ప్రశ్నకు పంచాయతీరాజ్ వ్యవస్థను షెడ్యూల్డ్ ప్రాంతాలకు విస్తరించిన 1996 నాటి పెసా చట్టం జవాబు చెప్పింది. 2011లో మన రాష్ట్రం దానికి నియమావళి కూడా రూపొందించింది. చిన్న నీటి వనరుల మీద, సంతల మీద, భూమి పరాయి చేతికి పోకుండా కాపాడటం మీద షెడ్యూల్డ్ ప్రాంతపు గ్రామసభలకు, పంచాయతీలకు ఆ చట్టం అధికారాలిచ్చింది. పర్యాటకం ముట్టుకునేవి సరిగ్గా ఇవే. అందువల్ల సీజన్ ప్రణాళికను ముందుగా సమావేశ మందిరంలో ఖరారు చేసి తరవాత మాకు తెలియజేయడం కాకుండా, భాద్రపదంలో, వలిసెలు పూయకముందే, అరకులోయ, అనంతగిరి, డుంబ్రిగుడ, పాడేరు, చింతపల్లి మండలాల్లో పర్యాటకుల తాకిడి ఉన్న ప్రతి గ్రామంలో గ్రామసభ పెట్టండి. కాఫీ పనులు, నాట్లు లేని రోజు చూసి, వారం ముందే సంతలో చాటింపు వేయించండి. తెలుగులో మాత్రమే కాక ఆదివాసీ ఒడియాలో, కువిలో కూడా విషయం వివరించే వారిని వెంట తీసుకురండి, ఎందుకంటే సభలో వెనక కూర్చునే ముసలివారికే ఊటల సంగతి బాగా తెలుసు. ఆ సభలో ఎన్ని గుడారాలకు ఊరు ఒప్పుకుందో, దేనికి ఒప్పుకోలేదో తీర్మానంగా రాసి, ఒక నకలు పంచాయతీ గోడ మీద అంటించి, మరొకటి అనుమతులిచ్చే అధికారి ఫైలులో మొదటి కాగితంగా పెట్టండి.

మా ఊరి సభ తేదీ ఎప్పుడు ఖరారవుతుందో తెలియజేయవలసిందిగా కోరుతూ,

ఇట్లు
అరకులోయ వాసి, కాఫీ రైతు